ఇద్దరికి సరిపడే డికాక్షన్

నా భార్య పోయాక నేను నేర్చుకోవలసి వచ్చిన మొదటి పని డికాక్షన్ తీయడం. తార్నాకలోని మా ఫ్లాటులో పాతికేళ్లు ఆమే తీసింది. కొలత నాకు తెలుసు. ఫిల్టరు పై గిన్నెలో మూడు చెంచాల పొడి, దాని మీద ఒక గ్లాసు మరిగిన నీళ్లు. అది ఇద్దరికి. నేను ఒక్కడినే కనుక చెంచాన్నర పొడి వేసి అరగ్లాసు నీళ్లు పోశాను. లెక్క సరిగ్గానే ఉంది. కాఫీ మాత్రం పలచగా వచ్చింది.

పొడి మార్చాను. నీళ్లు తగ్గించాను. ఆమె కాఫీ రుచి ఒక్కసారి నోటికి తగిలితే చాలనుకున్నాను. రెండు నెలలైనా తగల్లేదు. మూడు చెంచాలు వేయడానికి చెయ్యి రాలేదు. రెండో గ్లాసు ఎవరికి?

అవి ఉద్యమం రోజులు. నేను పాఠాలు చెప్పే క్యాంపస్‌లో తరగతులు లేవు. మా పై అంతస్తులో అద్దెకుండే రిసెర్చ్ స్కాలర్, సిద్దిపేట వైపు అమ్మాయి, ఒక బంద్ రోజు పొద్దున్నే పాల ప్యాకెట్ తెచ్చిచ్చింది. ఊరేగింపుకు వెళ్తోంది. కూర్చోమని కాఫీ ఇచ్చాను. ఒక గుక్క తాగి గ్లాసులోకి చూసింది.

"ఏంది సార్, గీ కాఫీ తాగేనా మీ ఆంధ్రోళ్లు మా మీద పెత్తనం చేస్తున్నది?"

చాలా రోజుల తర్వాత నవ్వాను. నా కొలత చెప్పాను. ఆ అమ్మాయి వంటింట్లోకి వచ్చి ఫిల్టరు మూత తీసింది.

"పొడి అడుగుకే సరిపోతలేదు సార్. మా చెల్క భూమి గిట్లనే ఉంటది. మీద పల్చటి మట్టి, నీళ్లు నిలువయి. చిన్న ఫిల్టరన్న కొనున్రి, లేకుంటే పొడి నిండ వెయ్యున్రి."

"ఒక్కడినేనమ్మా."

"నేను లేనా సార్? నినాదాలిచ్చి ఇచ్చి గొంతు పోతున్నది. రోజూ తాగి పోత."

మర్నాడు మూడు చెంచాలు వేశాను. డికాక్షన్ చాలాసేపు చుక్కచుక్కగా దిగింది. తాగాను. ఆమెదే ఆ రుచి.

"ఇప్పుడు కాఫీ అయింది," అంది ఆ అమ్మాయి. "అయినా తెలంగాణ ఆగది సార్."

ఆగలేదు. ఉద్యోగం వచ్చి ఆ అమ్మాయి వరంగల్ వెళ్లింది. నేను ఇప్పటికీ మూడు చెంచాలే వేస్తాను. రెండో గ్లాసు పదకొండింటికి నేనే తాగుతాను.