ఫస్టు క్లాసులో పాసైన ఎర్తు

గోపన్‌పల్లిలో తొమ్మిది రోజుల పాటు పిండి మర ఆగిపోయి, ఊరి ఆడవాళ్ళందరూ జొన్నల గంపలతో నా గుమ్మం ముందు నిలబడి నన్ను తిట్టిన కథ ఇది. ముందే చెబుతున్నాను, అందులో నా తప్పు సగమే. మిగతా సగం ఒక కాగితానిది. ఇన్నేళ్ళయినా ఆ కాగితం మీద నా కోపం తగ్గలేదు, తగ్గదు కూడా.

డెబ్బైల నాటి మాట. ఇప్పుడు అక్కడ అపార్ట్‌మెంట్లు లేచాయి గాని, అప్పుడు జొన్న చేలూ బండరాళ్ళూ తప్ప ఏమీ లేవు. కృష్ణా జిల్లా నుంచి గుమాస్తాగా బదిలీ అయి వచ్చిన నేను, బాలమణి గారనే ఆవిడ పాత ఇంట్లో వెనక రెండు గదులు కిరాయికి తీసుకున్నాను. ముందు గదిలో ఆమె గిర్ని నడిపేది. గిర్ని అంటే కరెంటుతో తిరిగే పిండి మర. భర్త పోయాక ఆమెకు అదే బతుకుదెరువు. ఆ ఇంటి తీగలు మాత్రం కరెంటు వచ్చిన కొత్తలో వేసినవి. పైన చుట్టిన గుడ్డ పీలికలై వేలాడుతూ ఉండేది.

గిర్నిని ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందని ఆమె కరెంటు ఆఫీసులో చెప్పుకుంది. ఇన్‌స్పెక్టరొచ్చి, చేత్తో తిప్పే పెట్టె ఒకటి పెట్టి ఇల్లంతా పరీక్షించి, ఇంగ్లీషు కాగితం చేతికిచ్చి వెళ్ళాడు. సాయంత్రం నేను సైకిలు దిగేసరికి ఆమె గుమ్మంలో నిలబడి ఉంది.

"సారూ, జర గిది సదివి చెప్పుండ్రి. గిర్ని నడుపొచ్చునా, వద్దా?"

నాకు తెలియదు అనేస్తే కథ అక్కడితో అయిపోయేది. కానీ నేను బి.ఎ. చదివాను. అందులోనూ ప్రభుత్వ గుమాస్తాని. కాగితం చేతిలో పెట్టుకుని తెలియదనడం మాకు ప్రాణం పోయినంత పని.

అందులో రెండే అంకెలున్నాయి. ఎర్తు రెసిస్టెన్సు అరవై రెండు. ఇన్సులేషన్ రెసిస్టెన్సు పాయింటు సున్నా రెండు. అరవై రెండు చూడగానే కడుపు నిండిపోయింది. నా బి.ఎ.లో ఏ సబ్జెక్టులోనూ నాకు అన్ని మార్కులు రాలేదు.

"ఎర్తు ఫస్టు క్లాసు, బాలమణి గారూ."

"మరి రొండోది?"

రెండోది చూస్తే దవాఖానలో ఇచ్చే మూత్ర పరీక్ష కాగితం గుర్తొచ్చింది. అందులో చక్కెర ఎంత తక్కువుంటే అంత మంచిది కదా.

"అది దాదాపు లేనట్టే. ఇల్లు దుక్కలా ఉంది. నడుపుకోండి."

వెనకనుంచి మా ఆవిడ సుభద్ర తొంగి చూసింది. "ఏమండీ, కింద ఇంకేదో రాశారు. పదిహేను రోజుల్లో నిబంధన ప్రకారం చర్య తీసుకోకపోతే..."

"సుభద్రా, ఆ వాక్యం నేను రోజుకు ముప్పైసార్లు రాస్తాను. దాని మీద చర్య తీసుకున్నవాణ్ణి నా సర్వీసులో ఒక్కణ్ణీ చూడలేదు."

"మరి చెయ్యి జివ్వుమంటదేంది సారు?" అంది బాలమణి గారు.

"నరాల బలహీనత. రోజూ పాలు తాగండి."

ఈ మాట అన్నది నేనే. నవ్వుకోండి, నాకేం.

అక్కడితో ఆగినా బాగుండేది. మర్నాడు పొద్దున్నే ఆమె గోడ పక్కన ఇనప గొట్టం పాతిన గుంతలో బిందెడు నీళ్ళు పోస్తూ కనిపించింది. ఆ గొట్టానికి గిర్ని నుంచి తీగ వచ్చి కలుస్తుంది.

"ఇదేమిటండీ?"

"మా ఆయన దినాం పోసేటోడు. ఆయన పొయినంక నేను మర్సిన. కరెంటుకు మంచిదంట."

కరెంటుకు నీళ్ళు మంచివట. నాకు ఒళ్ళు మండింది. తీగ దగ్గర నీళ్ళు పోస్తే ప్రాణాలు పోతాయని పావుగంట ఉపన్యాసమిచ్చి ఆ బిందె మాన్పించాను. ఎండాకాలం కావడంతో నాలుగు రోజుల్లో గుంత బీటలు వారింది. వారం తిరిగేసరికి ఆమె చెక్కపీట మీద నిలబడి, చేతికి గోనెపట్టా చుట్టుకుని మరలో జొన్నలు పోయడం మొదలుపెట్టింది. పాలు ఇంకో గ్లాసు పెంచమన్నాను.

పదహారో రోజు లైన్‌మన్ వచ్చి ఫ్యూజు పీక్కుపోయాడు. బాలమణి గారు ఆగిన గిర్ని పక్కన కూలబడింది.

"గిది బందైతే నేనేం తిని బతకాలె సారు?"

ఆ మాటకు నాకు కోపం తన్నుకొచ్చింది. ఆమెను వెంటబెట్టుకుని నేరుగా కరెంటు ఆఫీసుకెళ్ళి ఇన్‌స్పెక్టరు బల్ల మీద కాగితం పరిచాను.

"అరవై రెండు వచ్చిన ఇంటికి కరెంటు తీసేస్తారా? ఇంకెంత రావాలండీ మీకు, వందకు వందా?"

"అయిదు లోపల ఉండాలె సార్," అన్నాడతను నిమ్మళంగా.

"అయిదొస్తే పాసా?"

"ఎర్తు జరం లెక్క సార్. తక్కువుంటేనే మంచిది. తప్పిపోయిన కరెంటు భూమిలకు పోయే తొవ్వ అది. అంకె పెరిగిందంటే తొవ్వ మూసుకపోయినట్టు. అవునుగని, గుంతల నీళ్ళు పోస్తలేరా?"

బాలమణి గారు నా వంక చూసింది. నేను ఫ్యాను వంక చూశాను.

"పోనీ, రెండోది తక్కువే ఉందిగా," అన్నాను.

"అది మార్కుల లెక్క సార్. ఎక్కువుండాలె. తీగ మీద తొడుగు గట్టిగున్నదా లేదా అని చెప్తది. కనీసం ఒకటన్న రావాలె. మీది ఫెయిల్. తీగలన్నీ మార్చాలె."

మీరే చెప్పండి, ఇదేం న్యాయం? రెండూ రెసిస్టెన్సులే. పక్కపక్క గీతల్లోనే ఉంటాయి. ఒకటి పెరగాలట, ఒకటి తగ్గాలట. ఆ ముక్క కాగితం మీద రాస్తే వాళ్ళ సిరా అయిపోతుందా? నేను ఈ ధర్మసూక్ష్మాన్ని అక్కడే నిలదీద్దామనుకున్నాను. ఇంతలో బాలమణి గారు నెమ్మదిగా అడిగింది.

"మరి నన్ను పాలెందుకు తాగుమన్నరు సారు?"

తీగలు మార్చడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ పొద్దున గుంతలో నీళ్ళు పోసింది నేను. ఊరి జొన్నలన్నీ సైకిలుకు కట్టుకుని మియాపూర్ గిర్నికి మోసింది నేను. ఒకావిడ తెల్లజొన్నలు ఇంకొకావిడ పచ్చజొన్నల్లో కలిపేసి, ఇద్దరి చేతా తిట్లు తిన్నదీ నేనే.

పదో రోజు ఇన్‌స్పెక్టరు మళ్ళీ వచ్చి, పెట్టె తిప్పి, కొత్త కాగితం రాసిచ్చాడు. అలవాటు కొద్దీ నేను చెయ్యి చాచాను. బాలమణి గారు నా చేతిని దాటించి ఆ కాగితాన్ని తిరిగి అతనికే అందించింది.

"మీరే సదివి చెప్పుండ్రి సారు. మా కిరాయి సారు బాగ సదువుకున్నడు. ఆయనకు సమజ్ గాదు."

గిర్ని తిరిగింది. ఆ చప్పుడులో, తల నిండా పిండితో నిలబడి, సర్వ దేవతల సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. అర్థం కాని కాగితం ఇక ఏదొచ్చినా, అర్థం కాలేదని నిర్భయంగా లోకానికి చెప్పేస్తాను. ఆఫీసు వేళల్లో తప్ప.