వాలుకుర్చీలో మగాడు

డెబ్బైల మధ్యలో విశాఖపట్నంలోని ఒక ప్రకటనల కంపెనీ నన్ను లేఅవుట్ ఆర్టిస్టుగా తీసుకుని, ప్రొబేషన్ మీద అరకు ప్రాంతపు పని అప్పగించింది. లేఅవుట్ అంటే బొమ్మ ఎక్కడుండాలి, అక్షరాలు ఎక్కడుండాలి అని ముందుగా కాగితం మీద తేల్చడం. అది బల్ల దగ్గర కూర్చుని చేసే పని. కొండల్లో తిరిగి బోర్డులు ఎలా పనిచేస్తున్నాయో చూసి రావడానికి మగవాళ్ళెవరూ ఒప్పుకోలేదు గనుక అదీ నా నెత్తిన పడింది. ఆడవాళ్ళు ఫీల్డుకు పనికిరారని మా మేనేజరుగారి గట్టి నమ్మకం. అరకులో అమ్మకం పెరగకపోతే నా ఉద్యోగం ఖాయం చెయ్యనని ముందే చెప్పేశారు. నాకు ఆ ఉద్యోగం కావాలి. బొమ్మలు గీసి జీతం తెచ్చుకునే చోటు అప్పట్లో నాకు ఇంకొకటి దొరకలేదు.

ప్రకటన ఒక టీ పొడిది. రేకు బోర్డు మీద భర్త వాలుకుర్చీలో జారబడి, కళ్ళు సగం మూసి ఉంటాడు. భార్య పక్కన నిలబడి, తల వంచుకుని కప్పు అందిస్తుంటుంది. కొండల కింద మైదాన ప్రాంతంలో బాగా నడిచిన బొమ్మే. అరకు దగ్గరి డుంబ్రిగుడ సంతలోనూ మొదట సరుకు బాగా కదిలి, ఆ తర్వాత ఉన్నట్టుండి ఆగిపోయింది. కొన్నవాళ్ళే మళ్ళీ కొనడాన్ని మా వృత్తిలో రిపీట్ అంటారు. అసలైన అమ్మకం అదే. అది లేకపోతే రుచి నచ్చలేదనుకోవడం ఆనవాయితీ. టీ కంపెనీవాళ్ళు అలాగే అనుకుని పొడి రంగు గురించి తగువులాడుకుంటున్నారు.

సంత రోజున వెళ్ళాను. పసుపు, అల్లం రాశులు పోసుకుని బేరాలాడుతున్నది ఎక్కువగా ఆడవాళ్ళే. బుద్రి అనే ఆమె పక్కన కూర్చుని, టీ పొడి కొన్నావా అని అడిగాను. కొన్నానంది. అయిపోయిందా అంటే, ఇంకా విప్పలేదంది. ఎందుకని అడిగితే నన్ను వింతగా చూసింది.

"మాయింటిలో ఎవులికీ జరం రాలేదు గదమ్మా."

నాకు బోధపడలేదు. ఆమె బోర్డు వైపు చెయ్యి చూపించింది.

"ఆ బొమ్మలోనోడికి జరమే గదా? బాగున్నోడు పట్టపగలు అలా జారబడి కూకుంటాడేటి? పెళ్ళాం దిగులుగా నిలబడి మందు తాగిత్తంది. పాపం, బేగి తగ్గాల."

పిల్లను వీపున కట్టుకుని తూకం చూస్తున్న ఆమె భర్త కూడా తలూపాడు. వాళ్ళ పొట్లం ఇంటి చూరులో భద్రంగా ఉందట. ఇంకొందరిని అడిగాను. అదే జవాబు. అవసరానికి ఉంటుందని ఇంటికొక పొట్లం కొని దాచుకున్నారు. నాకు నవ్వొచ్చింది, ఉద్యోగం గుర్తొచ్చి భయమూ వేసింది. మేం గీసిన బొమ్మను వాళ్ళ ఇళ్ళల్లో జరిగేదాని పక్కన పెట్టి చూస్తే దానికి ఇంకో అర్థం రాదు.

వెనక్కి వచ్చి కొత్త లేఅవుట్ గీశాను. సంతలో రాశి ముందు భార్య బేరమాడుతుంటుంది. వెనక, పిల్లను వీపున కట్టుకున్న భర్త కాచిన టీని గ్లాసుల్లోకి వంచుతుంటాడు. ఇద్దరి ముఖాల్లోనూ హుషారు.

మేనేజరుగారు చూసి కాగితం నా వైపు తోసేశారు. మగవాడు టీ కాచి పెళ్ళానికి ఇవ్వడమేమిటి, నలుగురూ నవ్విపోతారన్నారు. కొండల్లో నేను చూసిందే గీశానని చెప్పాను. ఒళ్ళు మండి గొంతు కూడా పెంచాను. ఆయన తలుపు వైపు ఒకసారి చూసి, తన గొంతు తగ్గించారు.

"జరగడానికేమమ్మా, ఆదివారం పూట మా ఇంట్లోనూ నేనే పెడతాను. అది బోర్డుకెక్కించే సంగతా?"

చివరికి ఒక షరతు మీద సంతకం పెట్టారు. ఆ బోర్డు ఘాట్ రోడ్డు దిగి కిందకు రాకూడదు. వానలు వెనకబట్టేసరికి డుంబ్రిగుడలో రిపీట్ మొదలైంది. నా ఉద్యోగం ఖాయమైంది. ఫీల్డు పని కూడా నా చేతిలోనే ఉండిపోయింది.

ప్రకటనలు చూస్తే జనం ఎలా బతుకుతున్నారో తెలుస్తుందని ఎవరైనా అంటే ఆ తర్వాత నేనెప్పుడూ తలూపలేదు. ఇంట్లో జరిగేదాంట్లో నలుగురి ముందు ఒప్పుకోగలిగినంత మాత్రమే బోర్డు మీదకు వస్తుంది. ఎనభైలలో కూడా మైదానం బోర్డుల మీద భార్య నిలబడి కప్పు అందిస్తూనే ఉంది. వాటిలో చాలావరకు నేను గీసినవే. రోజూ పొద్దున్నే మా ఆయన కాచి ఇచ్చిన టీ తాగి, ఆఫీసుకు వెళ్ళి గీశాను.