నిజం వేళలో పోయిన సీటు

మా బడిలో నీతి అంటే ఒక పీరియడ్ కాదు, బడి మొత్తం అదేనని చెప్పుకుంటాం. సర్కారు డబ్బుతో, ఒక ట్రస్టు చేతిలో నడిచే ఉచిత బడి మాది. హిందూపురంలో ఒక పాత మునిసిపాలిటీ భవనంలో ఉంటుంది. తెలుగు పిల్లలు, ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్లలు, ఉర్దూ పిల్లలు, ఫ్యాక్టరీల్లో పని కోసం బీహారు, ఒడిశాల నుంచి వచ్చినవాళ్ల పిల్లలు, అందరూ ఒకే బెంచీ మీద కూచుంటారు. పొద్దున్నే టిఫిన్ పెడతారు, ఇంగ్లీషు బాగా చెప్తారు, ఫీజు లేదు. అందుకే సీటంటే ఊరంతా ఎగబడుతుంది. ఊళ్లో కాపురం ఉండేవాళ్ల పిల్లలకే సీటు, అదీ చీటీలు తీసి ఇస్తారు. నేను అక్కడ తెలుగు చెప్తాను. నీతి పాఠం కూడా నా నెత్తినే పెట్టారు.

రోజూ ప్రార్థన అయ్యాక 'నిజం వేళ' అని ఒకటి ఉంటుంది. ఎవరో ఒక పిల్లో పిల్లవాడో లేచి, తాను చేసిన తప్పు అందరి ముందూ చెప్పాలి. చెప్పినందుకు శిక్ష ఉండదు, బడంతా చప్పట్లు కొడుతుంది. ట్రస్టువాళ్లు బెంగుళూరులో కూచుని కనిపెట్టిన పద్ధతి. వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. జరిగేదేమిటంటే, చప్పట్ల కోసం పిల్లలు తప్పులు తయారుచేసుకుని వస్తారు. ఒకడు చీమను తొక్కానంటాడు. ఒకతె పక్కింటి పిల్లిని తిట్టానంటుంది. ఐదో తరగతివాడొకడు లేచి "నేను కోపంగా చూసినాను" అన్నాడు. ఎవర్ని చూశావురా అంటే, "ఇంకా ఎవుర్నీ చూడల్యా మేడమ్, ఈ పొద్దు చూస్తాను" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

ఏడో తరగతిలో ఒక అమ్మాయి మాత్రం ఆ చప్పట్ల జోలికి పోయేది కాదు. తరచూ ఆలస్యంగా వచ్చేది. అడిగితే "నిద్ర లేయలేదు మేడమ్" అనేది. సంగతి నాకు తెలుసు, స్టాఫ్‌రూములో అందరికీ తెలుసు. వాళ్లది పెనుకొండ. నాయన లారీ డ్రైవరు, ఎప్పుడు ఇల్లు చేరుతాడో ఆయనకే తెలియదు. తల్లి హిందూపురంలో బట్టల ఫ్యాక్టరీలో మిషను కుడుతుంది. పెనుకొండలో ఒంటిగది ఇల్లు సొంతానికి ఉంది కానీ, ఇక్కడ అద్దె కట్టే స్తోమత లేదు. అందుకని తల్లీకూతుళ్లు ధర్మవరం వైపు నుంచి వచ్చే రైలెక్కి వచ్చేవాళ్లు. షిఫ్టు అయ్యేదాకా పిల్ల బడి వరండాలో చదువుకునేది. తర్వాత ఇద్దరూ కలిసి ఇంటికి. సీటు కోసం హిందూపురంలో ఉన్న పిన్నమ్మ అడ్రసు ఇచ్చారు.

"నాకు ఇంగ్లీషు వద్దు, ఏమొద్దు మేడమ్. పాప నేనుండే ఊర్లో ఉంటే సాలు. ఆడ ఇంట్లో ఒక్కతే ఉండాదంటే నాకు మిషను మీద చెయ్యి ఆడదు" అని ఆ తల్లి ఒకసారి నాతో అంది. వాళ్ల వీధి చివర తాగి కూచునే గుంపు సంగతి కూడా చెప్పింది. సీటు పోతే ఆ పిల్ల చీకటిపడేదాకా ఒంటరిగా తలుపేసుకుని కూచోవాలి. అదీ ఆమె భయం.

ఒకరోజు ట్రస్టు పెద్దలు బడి చూడటానికి వస్తున్నారన్నారు. మా హెడ్‌మాస్టర్‌ను అందరం పెద్దసారు అంటాం. ఆయన ముందురోజే మమ్మల్ని పిలిచి, "మంచి మంచి నిజాలు ఉండే పిల్లోల్లను చూసి పెట్టుకోండమ్మా" అన్నాడు. మంచి నిజాలట! మెత్తవి, గట్టివి ఏరి పెట్టడానికి అవేమన్నా టమాటాలా? ఒళ్లు మండినా, ఉద్యోగం కదా, అమ్మమాట వినలేదని చెప్పే పిల్లనొకదాన్ని చూసి పెట్టాను.

మరునాడు పెద్దలంతా వచ్చి కూచున్నాక, ఆ పిల్ల లేచేలోపే ఏడో తరగతి వరసలోంచి ఈ అమ్మాయి లేచింది. ఎవరూ లేవమనలేదు.

"నేను దినామూ లేటుగా వస్తాండా. నిద్ర లేయలేదని మేడమ్‌కు అబద్ధం చెప్తాండా. మేము పెనుకొండ నుంచి రైల్లో వస్తాం. ఈడ ఉండేది మా పిన్నమ్మ. సీటు కోసరం ఆయమ్మ అడ్రసు ఇచ్చినాం. తప్పయింది."

చెప్పి, ఇంత బరువు దించుకున్నట్టు ఊపిరి వదిలింది. నేను పెద్దసారు ముఖం వైపు చూశాను. ట్రస్టు పెద్దల్లో ఒకావిడ మాత్రం లేచి నిలబడి చప్పట్లు మొదలుపెట్టింది. కళ్లు తుడుచుకుంటూ వచ్చి పిల్లను కావలించుకుంది. ఫొటోలు తీశారు, వీడియో తీశారు. ఈ బడి పెట్టింది ఇందుకేనని ఇంగ్లీషులో అంది. పిల్ల నా వైపు చూసి నవ్వింది. ఆ నవ్వు చూసి నేనూ చప్పట్లు కొట్టాను.

కార్లు వెళ్లిపోయాక పెద్దసారు నన్ను పిలిచాడు.

"ఆ పాపకు టీసీ రాయల్లమ్మా."

"అదేంది సార్! నిజం చెప్తే శిక్ష లేదని మనమే చెప్తిమి కదా?"

"ఇది శిక్ష కాదమ్మా, రూలు. ఊర్లో ఉండే పిల్ల ఒకతె సీటు కోసరం కాసుకోని ఉండాది. వాళ్ల నాయన దినామూ గేటు కాడికొచ్చి అడుగుతాండాడు. ఆయప్పకు నేనేం చెప్పల్ల?"

అది మాత్రం నిజమే. అతనొక ఆటో డ్రైవరు. బండి పక్కన ఆపి, గేటు పట్టుకుని నిలబడటం నేను చూస్తూనే ఉన్నాను. అతని కూతురికీ చదువు కావాలి. అయినా నా కోపం తగ్గలేదు.

"మరి లేపాక్షి నుంచి వచ్చేవాళ్లు? సోమందేపల్లి నుంచి వచ్చేవాళ్లు? చెన్నేకొత్తపల్లి కవల పిల్లోల్లు? వాళ్ల సంగతి మీకు తెలీదా సార్?"

"తెలుసు."

"మరి?"

"వాళ్లు చెప్పలేదు కదమ్మా."

ఏమాత్రం తడుముకోకుండా అన్నాడు. ధర్మవరం నుంచి రోజూ కార్లో వచ్చే మనిషి ఆయన. "మీరు యాడ నుంచి వస్తాండారు సార్?" అని అడిగేశాను. "నాది ఉద్యోగం, సీటు కాదు" అని ఫోను తీసుకున్నాడు. ఇక వెళ్లమని అర్థం.

స్టాఫ్‌రూములోనైనా ఒకరు నా పక్షాన మాట్లాడతారనుకున్నాను. "ఆ పిల్ల గమ్మున ఉండింటే పోయేది కదా" అన్నారు. పొద్దున చేతులు నొప్పి పుట్టేలా చప్పట్లు కొట్టింది వీళ్లే. నోటికొచ్చినట్టు తిట్టి బయటికొచ్చి, కావలించుకున్న ఆవిడకు ఫోను చేశాను. నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నది. "ఆ పాపను చూసి మేమంతా గర్వపడుతున్నామండీ. కానీ రూల్స్ విషయంలో మేం కలగజేసుకోం" అంది. ఊరుకుందా? వార్షికోత్సవానికి ఆ పాపను పిలిచి ఆ మాటలే స్టేజీ మీద మళ్లీ చెప్పించగలరా అని అడిగింది. ఏం మనుషులురా దేవుడా! ఫోను పెట్టేశాను.

మరునాడు నిజం వేళలో కవలలిద్దరూ తల వంచుకుని బూట్ల వైపు చూస్తూ కూచున్నారు. ఎవడో లేచి ఈగను చంపానన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

టీసీ తీసుకోవడానికి తల్లి ఫ్యాక్టరీలో అడుక్కుని పర్మిషన్ మీద వచ్చింది. కూతుర్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు కొంచెం బాగుండేదేమో. నన్నే అడిగింది, "నిజం చెప్తే ఏమీ అనమంటిరి కదా మేడమ్?" అని. అన్నది నేను కాదమ్మా, వాళ్లు, అనబోయాను. ఆ మాట నాలుక దాకా వచ్చినందుకే సిగ్గుతో చచ్చిపోయాను.

చేయగలిగింది ఇంకేమీ లేక, పిల్లను పెనుకొండ హైస్కూల్లో చేర్చే రోజున నేనూ వెంట వెళ్లాను. చదువు నడిమధ్యలో వచ్చిన పిల్ల, ఏమైనా అడ్డం చెప్తారేమోనని తల్లి బెదిరిపోయి ఉంది. అక్కడి హెడ్‌మాస్టర్ మంచివాడిలాగే ఉన్నాడు. మాకు కుర్చీలు వేయించాడు. టీసీ చూసి ఆశ్చర్యపోయాడు.

"అంత మంచి బడి ఎందుకు ఇడ్సిపెట్టినావు పాపా?"

తల్లి తల వంచేసుకుంది. నేను జరిగిందంతా చెప్దామని నోరు తెరిచాను. పిల్ల నాకంటే ముందే అందుకుంది.

"రైలు పడదు సార్. ఎక్కితే వాంతులైతాండాయి."

"అయ్యో పాపం. సాయంత్రం పూట ఇంట్లో చదివిచ్చేకి ఎవురుండారు?"

"మా అవ్వ ఉంటాది సార్. ఎప్పుడూ ఇంట్లోనే ఉంటాది."

ఆ ఇంట్లో అవ్వ లేదు. ఆమె పోయి ఏళ్లయింది. పిల్ల ఆయన కళ్లలోకి చూస్తూ, చేతులు కట్టుకుని, ఎక్కడా తొట్రుపడకుండా చెప్పింది. తల్లి తలెత్తలేదు. ఆయన సంతకం పెట్టి, నవ్వుతూ నా వైపు తిరిగాడు.

"ఎంత చక్కగా జవాబు చెప్తాది మేడమ్ ఈ పాప! బాగా నేర్పిచ్చినారు మీ బడిలో."

"అవును సార్" అన్నాను.