అమ్మ నెత్తిన పెట్టుకోని చేయి

మొన్న పొద్దున పెరట్లో కరక్కాయ నీళ్ళలో నానేసిన గుడ్డ పిండుతుండగా ఫోను మోగింది. చేతులు తుడుచుకుని చూస్తే, పట్నంలో నా బొంతను ప్రదర్శనకు పెడతానన్న అమ్మాయి ఒక ఫోటో పంపింది. అందులో ఉన్నది నేను బొంతమీద అచ్చువేయించి కుట్టిన మా అమ్మే, కానీ ఎండిన చేలో నిటారుగా నిలబడవలసిన మనిషి తల వంచుకుని, కుడిచేయి నెత్తిన పెట్టుకుని ఉంది. పోయిన మనిషి చేయి ఎవరు ఎత్తిపెట్టారా అని ఒళ్ళు జలదరించింది. కంప్యూటర్లో కాస్త మార్చామనీ, ఇప్పుడైతే చూడగానే కరువు తెలుస్తుందనీ, నేను సరేనని ఇలాగే మళ్ళీ అచ్చువేయించి పంపితే లోపలికి రాగానే కనబడే ముందుగోడ నా బొంతకేననీ కింద రాసింది.

మన వయసు వాళ్ళకు చెప్పనక్కర్లేదు, నెత్తిన చేయి పెట్టుకుని కూర్చుంటే పెద్దవాళ్ళు ఎంతగా కసిరేవారో. ఇంటికి అరిష్టమనేవారు. మా అమ్మ అయితే, జ్వరమొచ్చి తల పట్టుకున్నా సరే, చేయి లాగిపడేసిన తరువాతే కషాయం కాచేది.

మాది బెళుగుప్ప పక్క పల్లె. నేను చెప్పే ఆ ఏడు శెనక్కాయ చెట్టు కాయపట్టే ఊడలు మట్టిలోకి దిగకముందే మాడిపోయింది. నాయన కరువుపనికి మట్టి మోయడానికి పోతుంటే, అమ్మ ఇంట్లో పాత పంచెలన్నీ ముందేసుకుని రంగులకు దిగింది. చలికి బొంత కావాలి, కొత్త గుడ్డ కొనే తాహతు లేదు, అయినా వెలిసిపోయిన బొంత కప్పుకోవడం ఆమెకు నామోషీ. దంచిన కరక్కాయల నీళ్ళలో ముంచితే గుడ్డ లేత పసుపుకు తిరిగేది. విరిగిన నాగలి కర్రు, తుప్పుపట్టిన మేకులు బెల్లం నీళ్ళలో వేసి మూల పెట్టిన కుండ ఇంకొకటి ఉండేది, దాని కంపు వీధి చివరిదాకా కొట్టేది. ఆ పసుపు గుడ్డను ఇందులో ముంచితే చాలు, కళ్ళముందే నల్లబడిపోయేది. తాగడానికే నీళ్ళకు కటకటగా ఉన్న రోజులు కాబట్టి జాడించిన నీళ్ళనే మళ్ళీ మళ్ళీ వాడేది, ముందు లేత రంగులు, ఆఖరుకు నలుపు. ఆ వరస తప్పించానా, నా వీపు మోగేది.

అలాంటి ఒకరోజు కరువు ఫోటోలు తీసుకోవడానికి జీపులో ఒకాయన వచ్చాడు. చేలగట్టు మీద మగవాళ్ళనందరినీ వరసగా కూర్చోబెట్టి నెత్తిన చేతులు పెట్టుకోమన్నాడు. మా నాయన, పాపం, మెతక మనిషి, చెప్పినట్టే పెట్టుకున్నాడు. అప్పుడే అటొచ్చిన అమ్మ, మోచేతుల దాకా నల్లరంగుతోనే నాయన చేతిని పట్టి కిందికి లాగేసింది. జీపాయన ఏమనుకున్నాడో, పోనీ నువ్వు పెట్టుకోమ్మా అన్నాడు.

“ఏమప్పా, కరువు వానకొచ్చింది గానీ మా చేతులకొచ్చిందా? నెత్తిన చేయి పెట్టుకుంటే ఉన్నది గూడా పోతాది. తీస్తే నిలబడిందాన్ని తీయి, లేకుంటే నీ దోవ నువ్వు పట్టుకో.”

ఆయన గొణుక్కుంటూనే తీశాడు. ఎంత గొణుక్కున్నా మంచివాడే, కొన్నాళ్ళకు ఒక ప్రతి మా ఊరొచ్చే వాళ్ళ చేత పంపించాడు. మా ఇంట్లో అమ్మది అదొక్కటే ఫోటో.

పెళ్ళై కదిరికి వచ్చాక నా కాలమంతా జాకెట్లు కుట్టడంతోనే గడిచింది. మోకాళ్ళు మొరాయించి మిషను తొక్కలేకపోయాకే ఈ బొంతల పనిలో పడ్డాను. మా మనవరాలు ఆ ఫోటోను కంప్యూటర్లోకెక్కించి మనిషంత పెద్దది చేసింది. నేను కరక్కాయలో ముంచిన గుడ్డమీద బెంగళూరులో అచ్చువేయించాం, చుట్టూ అమ్మ రంగుల పేలికలు అతికి బొంతకుట్టు వేశాను. అచ్చులో అమ్మ చేతులు పాలిపోయి కనబడుతుంటే మనసొప్పక, తుప్పునీళ్ళలో కుంచె ముంచి ఆ చేతులమీద నేనే పూశాను. కళ్ళముందే అవి నల్లబడ్డాయి. ఇన్నేళ్ళకు మళ్ళీ అమ్మ చేతులు చూసి బావురుమన్నాను. ఆమెను అంత పెద్ద గోడమీద నలుగురూ చూడాలని నాకెంత ఆశో ఎలా చెప్పను!

ఆ అమ్మాయికి ఫోను చేశాను. చెడ్డపిల్ల కాదు. వచ్చేవాళ్ళకు నిలబడి ఆలోచించే తీరికుండదనీ, మార్చకపోతే తమవాళ్ళు ఒప్పుకోరనీ నచ్చజెప్పింది. పక్కనుంచి మనవరాలు కూడా వంత పాడింది.

“పోనీలే అవ్వా, ఒక్క చేయే కదా. ముందుగోడ ఊరికే దొరకతాదా?”

“ఆ గోడ వాళ్ళకే ఉండనీ పాపా. మా యమ్మ చేయి మాత్రం దించమను.”

గోడ పోయింది. బాధ లేదంటే అబద్ధం, ఆ పూట అన్నం సయించలేదు. మరునాడు బొంతను మా ఇంటి ముందు వసారాలో, బస్సులు పోయే రోడ్డు వైపు తిప్పి కట్టాను. సంతకొచ్చిన ఒక ముసలాయన నెత్తిమీది మూట దించి చాలాసేపు చూసి, “ఈ యమ్మ మా పక్క మనిషి మాదిరుండాదే” అన్నాడు. అవునన్నాను.

యంత్రాన్ని నేను తిట్టను. అమ్మను మనిషంత చేసి నా ముందు నిలబెట్టింది అదే. కానీ ఆనాటి జీపాయన ఎంత మొండివాడైనా, అమ్మ చేయి లేవాలంటే అమ్మనే బతిమాలుకోవాల్సి వచ్చింది. ఆమె కాదంటే కెమెరా మూసుకుని పోవడం తప్ప ఆయన చేయగలిగింది లేదు. ఇప్పుడు ఎవరినీ అడిగే పని లేదు, ఎక్కడో కూర్చుని వేలు కదిపితే ఎవరి చేయైనా నెత్తికెక్కుతుంది. అడుగుదామన్నా అమ్మ లేదు. వద్దనడానికి నేనింకా ఉన్నాను.