వద్దన్నా పోయిన ఆవు

నేను ఇన్నేళ్లూ రాయలేకపోవడానికి ఆవులే కారణం. చిన్నప్పుడు మా నాయన నన్ను దగ్గరికి పిలిచి ముద్దుగా అడిగాడు: "బడికి పోతావా, ఆవుల్ని మేపతావా?" బడికే అన్నాను. తెల్లారి నా చేతికి కర్ర ఇచ్చాడు. మేపుతానని అని ఉన్నా ఆ కర్రే ఇచ్చేవాడని అర్థం కావడానికి నాకు ముసలితనం రావాల్సి వచ్చింది. అది కూడా ఒక కంప్యూటర్ ఆట వల్ల.

అక్షరాలు ఈమధ్యే నేర్చుకున్నాను. మా ఆడవాళ్ల సంఘంలో వేలిముద్ర వేసేది నేనొక్కదాన్నే మిగిలాక పంతం పట్టి కూర్చున్నాను. ఇప్పుడు పుంగనూరు బస్టాండులో బోర్డులన్నీ చదువుతాను. నేనెక్కాల్సిన బస్సు వెళ్లిపోయినా సరే, చదవడం అయ్యేదాకా కదలను.

కుప్పంలో ఇంజనీరింగు చదివే మా మనవరాలు సెలవుకు వచ్చింది. తనూ, స్నేహితురాళ్లూ కలిసి తెలుగులో ఒక కథ ఆట తయారు చేస్తున్నారు. ఆడి చూడమని ల్యాప్‌టాప్ నా ఒళ్లో పెట్టింది.

"నేను యాలమ్మా?"

"నువ్వైతే ఒక్కో మాటా కూడబలుక్కొని చదవతావు. మా కాలేజీలో ఎవురూ చదవరు, టకటకా నొక్కేస్తారు."

ఆటలో ఒక ఆడమనిషి, ఒక ఆవు, వానల్లేని ఊరు. కథ నడుస్తూ నడుస్తూ ఆగి నన్ను అడిగింది: ఆవును అమ్ముదామా? కింద ఒక గడిలో 'అమ్ముదాం', ఇంకో గడిలో 'వద్దు'. చెమట పట్టేదాకా ఆలోచించి 'వద్దు' నొక్కాను. ఆవు పలుపు తెంపుకొని పోయింది. మళ్లీ మొదటి నుంచి ఆడి, ఈసారి 'అమ్ముదాం' నొక్కాను. మదనపల్లె సంతలో ఎవరో కొనుక్కుపోయారు. ఆ తర్వాత కథ అదే దోవన నడిచింది.

"ఏమే, వద్దన్నాను కదా?"

"వద్దంటే పలుపు తెంపుకొని పోతాదవ్వా."

"నేనుండే ఇంట్లో పలుపు తెగుతాదా?"

"రెండు కథలకు బొమ్మలెయ్యాలంటే మాకు పరీక్షలుండాయి. అయినా తేడా ఉండాది. నువ్వు వద్దన్నావు కదా, అందుకే ఆమె కడాన ఏడస్తాది. అమ్మింటే ఏడవదు."

"ఆవుకేం తేడా?"

మనవరాలు ల్యాప్‌టాప్ తన ఒళ్లోకి లాక్కుంది. "అడిగితే ఆడేవాళ్లకు సంతోషంగా ఉంటాదవ్వా."

మా నాయన గుర్తుకొచ్చాడు. నిజమే, ఆ సంతోషం నాకూ ఉండింది, తెల్లారేదాకా.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర మా ఇంటాయన గొంతు సవరించుకున్నాడు. "మన పొట్టి ఆవును బెంగళూరాయన ఒకరు అడుగుతాండారు. ఇచ్చేదా? నువ్వేమంటే అదే."

మాది పుంగనూరు జాతి ఆవు. నా నడుం దాటదు. ఈమధ్య పట్నం వాళ్లు వీటిని హాల్లో తిప్పుకుంటూ ఫోటోలు దిగుతున్నారు. అది పుట్టినప్పుడు నా చేతుల్లోకే పడింది, నేను పిలిస్తే తప్ప కుడితి ముట్టదు. పాలు తక్కువని మా ఆయనకు కోపం. దాన్ని పంపి జెర్సీ ఆవును తేవాలని ఆశ.

"వద్దు" అన్నాను.

"సరే సరే, నీ మాటే" అని ఆయన మా కొడుకు వైపు చూశాడు. మా కొడుకు మజ్జిగలోకి చూశాడు.

"ఇంతకీ ఆ బెంగళూరాయన ఎప్పుడొస్తాడు?" అన్నాను.

"రేప్పొద్దున తొమ్మిదికంతా" అనేసి కొడుకు నాలుక కరుచుకున్నాడు.

మనవరాలు పగలబడి నవ్వింది. "తాతా, ఇది మా ఆటే!"

మా వైపు ఆవును అమ్మితే ఇంటి ఆడమనిషి తన చేత్తో పలుపు అందివ్వాలి. లేకపోతే ఆ ఆవు అచ్చిరాదని, ఎంత పెద్ద కారులో వచ్చినవాళ్లయినా తోలుకుపోరు. మా ఆయన అన్నీ ఆలోచించుకున్నాడు. ఇదొక్కటి మాత్రం, ఎట్లాగూ ఇస్తుందిలే అనుకున్నాడు.

తెల్లారి ఆవుకు మేత వేశాను. పలుపు విప్పి, ఆవును నా పాత చీరతో కట్టేశాను. పలుపు సంచిలో వేసుకుని, తిరిగి కాలేజీకి పోతున్న మనవరాలి వెంట బయల్దేరాను. పలమనేరులో బస్సు దిగేసరికి ఫోను మోగింది.

"అమ్మా, యాడుండావు? బెంగళూరాయన వచ్చుండాడు. పలుపు కనపడలే."

"ఈసారి పలుపే ఆవును తెంపుకొని పోయినాదని చెప్పు."

వెనక నుంచి మా ఆయన అరుస్తున్నాడు: "ఎప్పుడొస్తాదో అడగరా!"

"ఈ పొద్దా, రేపా, మీ నాయన్నే చెప్పమనప్పా. ఆయనేమంటే అదే."

ఫోను పెట్టేసి, ఎదురుగా ఆగిన బస్సు బోర్డు చదివాను. కుప్పం. ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను.