పెనుకొండలో అమ్మ దిగిపోయిన రోజు

నేనింకా పావడాలు కట్టుకు తిరిగే రోజులు... హిందూపురంలో ప్యాసింజర్ బండెక్కి, ధర్మవరంలో ఉండే అవ్వ దగ్గరికి బయలుదేరాం. అమ్మ, నేను, అమ్మ ఒళ్ళో తమ్ముడు. వాడికి అప్పుడప్పుడే మాటలు వస్తున్నాయి. ఎక్కేటప్పుడు బాగానే ఉన్నాడు. పెనుకొండ వచ్చేసరికి ఒళ్ళు కాలిపోతోంది... మరచెంబులో నీళ్ళు అయిపోయాయి.

"తమ్మున్ని చూసుకుంటాండు పాపా, కొళాయి ఈడనే ఉండాది" అంటూ అమ్మ చెంబు పట్టుకుని దిగింది.

కొళాయి దగ్గర ఒకటే తోపులాట. కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. అమ్మ కొంగు కనబడుతోంది... చెయ్యి కనబడుతోంది... బండి కదిలింది.

అమ్మ చెంబు పడేసి పరిగెత్తడం చూశాను. తర్వాత ప్లాట్‌ఫారమే అయిపోయింది.

ఎవరో గొలుసు లాగారు. బండి ఆగలేదు. నేను తమ్ముణ్ణి చంకనేసుకుని తలుపు దగ్గరికి ఉరికాను. దూకేద్దామనే... ఒక కాలు మెట్టు మీద పెట్టాను కూడా. వెనక నుంచి ఎవరో నా జడ పట్టి ఒక్క గుంజు గుంజారు. ఇద్దరం లోపల పడ్డాం.

"యాడికి దూకుతాండావే పిచ్చిదానా! ఇద్దరూ సస్తారు!"

చూస్తే, మా ఎదుటి బల్ల మీద కూర్చున్న ఆవిడ. నల్ల బురఖా, పక్కన చింతపండు బుట్ట. అనంతపురంలో కూతురికి నొప్పులు మొదలయ్యాయని కబురొస్తే పోతున్నానని అమ్మతో చెబుతుంటే అంతకుముందే విన్నాను.

తమ్ముణ్ణి తన ఒళ్ళోకి తీసుకుంది. ఎవరి దగ్గరో నీళ్ళడిగి, గుడ్డ తడిపి వాడి నుదుటి మీద వేసింది. "మీయమ్మ బస్సెక్కి వస్తాది. మనం ధర్మవరంలో దిగి ఆన్నే కూర్చుందాం. ఏడవొద్దు" అంది.

వాడు ఏడుపు ఆపలేదు. నేనూ ఆపలేదు. అప్పుడామె కిటికీలోంచి వెనక్కి పోతున్న కొండను చూపించి కథ మొదలుపెట్టింది...

ఆ కొండ మీద ఒక రాజుండేవాడట. ఎంత పడుకున్నా నిద్ర రాదు. ఊళ్ళో వాళ్ళ నిద్రలన్నీ పన్ను కింద తెమ్మన్నాడట. మేకలు కాసే పిల్ల ఒకతె, తన తమ్ముడి నిద్ర తిరిగి తెచ్చుకోవడానికి కొండెక్కింది. ఒక్కో వాకిలి దగ్గర ఒక్కో కాపలావాడు. ఆఖరి వాకిలి దగ్గర వాడు అడ్డం నిలబడి, "బదులేమిస్తావు?" అన్నాడట...

అంతే. ధర్మవరం వచ్చేసింది.

ఇప్పుడు ఆ రోజు గురించి నేను రాస్తున్న నవల కూడా ఆ ఆఖరి వాకిలి దగ్గరే ఆగిపోయింది. ఆ కథ ఎలా ముగుస్తుందో తెలుసుకోవాలని ఈ మధ్య చదివిందంతా మన సీమ జానపద కథలే. పాత పుస్తకాల అంగట్లో దొరికినవి కొన్ని, స్నేహితులు పంపినవి కొన్ని... దేంట్లోనూ లేదు. పోయిన వారం ఆన్‌లైన్‌లో ఒక వీడియో దొరికింది. ఆమడగూరు వైపు అవ్వ ఒకామె మనవరాలికి కథ చెబుతోంది. నిద్ర పట్టని రాజు ఉన్నాడు. కానీ తమ్ముడూ లేడు, ఆ పిల్లా లేదు. ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో!

సరే... ధర్మవరంలో మాతో పాటు ఆమె కూడా దిగింది. ఆమె పోవాల్సిన బండి ఆమెను వదిలేసి వెళ్ళిపోయింది. బల్ల మీద కూర్చున్నాం.

ఆ ఎండాకాలమంతా పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారని మా వైపు పుకారు. తెల్లచొక్కా మనిషి ఒకడు మమ్మల్ని చూస్తూ చూస్తూ దగ్గరికొచ్చాడు.

"ఏమ్మా, ఎవురీ పిల్లోళ్ళు? యాడికి తీస్కపోతాండావు?"

ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. ఎవరూ వినలేదు. నలుగురూ మూగారు. ఒకరు బుట్ట తన్నారు. చింతపండు నేలపాలైంది. "పోలీసోల్లకు పట్టియ్యండప్పా" అన్నారెవరో. తెల్లచొక్కా మనిషి తమ్ముడి చెయ్యి పట్టి లాగాడు. వాడు కెవ్వుమని ఆమె మెడ కరుచుకున్నాడు.

ఆమె వాణ్ణి రెండు చేతులా పొదువుకుంది. నిజం చెబితే ఏమైందో ఇప్పుడే చూశాను...

"ముట్టుకోవద్దండి! మా పెద్దమ్మ!" అని అరిచాను.

"నీ నొసట బొట్టుండాది, ఆయమ్మ బురఖాలో ఉండాది. పెద్దమ్మ ఎట్లయితాది పాపా?"

"అయితాది!" అన్నాను. అంతకు మించి నాకేం తోచలేదు.

గుంపులోంచి ఒక ముసలామె ముందుకొచ్చి ఆ మనిషి చెయ్యి విడిపించింది. "ఇడ్సిపెట్టప్పా... జరమొచ్చిన బిడ్డ ఆయమ్మ మెడ ఇడుస్తాల్యా, నీకు కండ్లు కనపడల్యా?"

ఒక్కొక్కరే జరిగిపోయారు. చింతపండు ఆవిడ నన్ను దగ్గరికి లాక్కుంది. ఆమె గుండె దడదడ కొట్టుకోవడం నా చెంపకు తెలిసింది.

చాలాసేపటికి అమ్మ వచ్చింది. ఒక కాలికి చెప్పు లేదు. వస్తూనే నన్ను చెంప మీద కొట్టింది, తర్వాత ఇద్దర్నీ కరుచుకుని కూలబడిపోయింది. మేం తేరుకుని చూసేసరికి ఆమె బుట్ట నెత్తిన పెట్టుకుని, అనంతపురం బస్సు కోసం గబగబా పోతోంది. అమ్మ పిలిచింది. వినబడలేదేమో... ఆమె తిరిగి చూడలేదు.

తమ్ముడికి మర్నాటికి జ్వరం దిగింది. ఆ కూతురి కాన్పు ఎలా అయిందో, ఆమె వేళకు చేరిందో లేదో మాకు తెలీదు.

నిన్న అమ్మకు ఈ ప్రయాణం గురించి రాసిన అధ్యాయం చదివి వినిపించాను. నవలలో ఆమెకు నేనొక పేరు పెట్టాను. అమ్మ అక్కడ ఆపింది.

"ఆ పేరు నీకెవరు చెప్పినారే?"

"నేనే పెట్టినామ్మా."

అమ్మ తల అడ్డంగా ఊపింది. "తీసెయ్ పాపా... మనం అడగల్యా. ఆయమ్మ పేరు గూడా అడగల్యా మనం" అంది. కళ్ళు తుడుచుకుంది.

తీసేశాను.

ఇప్పుడు ప్రయాణాల్లో పక్కవాళ్ళ ఊరు ఎవరం అడుగుతున్నాం? ఎవరి ఫోను వాళ్ళది... పరాయివాళ్ళతో మాట్లాడొద్దని మా అమ్మాయికి నేనే నేర్పుతున్నాను. నేర్పక తప్పదు కూడా. కానీ అలా చెప్పిన రోజున నాకు ఒక్క వాక్యం కూడా ముందుకు సాగదు.

ఒక్క పూట మీ మనిషైపోయి, పేరైనా చెప్పకుండా వెళ్ళిపోయినవాళ్ళు మీకూ ఉండే ఉంటారు... వాళ్ళ గురించి కింద రాయండి. పేరు లేకపోయినా ఫర్వాలేదు.