హేమవతికి కంటి ఆపరేషన్

దుర్గాభవానికి కూర్చోవడం రాదు. పుట్టి ఇరవై ఏళ్లయినా ఆ పిల్ల కుదురుగా కూర్చోగా కోటబొమ్మాళిలో చూసినవాళ్లు లేరు. అన్నం కూడా నడుస్తూనే తింటుంది. పళ్లెం ఒక గదిలో, మంచినీళ్ల గ్లాసు మరో గదిలో దొరుకుతాయి.

రిటైరైన తెలుగు మేష్టారు అప్పలనరసింహం గారికి మాత్రం ఆ పిల్లంటే ప్రాణం. తన దగ్గరున్న వందేళ్లనాటి నవల ఒకటి ఇచ్చారు. అందులో నాయిక హేమవతి గోడలు దూకుతుంది, మేనమామకు ఎదురు చెబుతుంది. "అచ్చం నువ్వే. మీ మామ్మకు చదివి వినిపించు" అన్నారు. మామ్మ గున్నమ్మకు రెండు కళ్లలోనూ శుక్లాలు. ఆపరేషన్ మాటెత్తితే మంచంకోడు పట్టుకుని వదలదు.

నెల దాటినా పుస్తకం తిరిగి రాలేదు. మేష్టారే బయలుదేరారు. వసారాలో గున్నమ్మ చింతపండు పిక్కలు తీస్తోంది. దుర్గాభవాని పుస్తకం పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతూ చదువుతోంది.

"హేమవతి కంట్లో చుక్కలు వేశారు. పావుగంటలో ఆపరేషన్ అయిపోయింది. సాయంత్రానికల్లా గోడ దూకేసింది."

మేష్టారు మెట్టు మీదే ఆగిపోయారు. హేమవతి తొంభయ్యో పేజీలోనే విషజ్వరంతో పోతుంది. తర్వాత పుస్తకమంతా మేనమామ ఏడుపే.

"అమ్మాయ్, అది పుస్తకంలో..."

దుర్గాభవాని ఆయన్ని చెయ్యి పట్టుకుని వీధిలోకి లాక్కుపోయింది. "మీకు దండం పెడతాను మేస్టారూ, ఊరుకోండి. హేమవతి ఏటి సేస్తే తనూ అదే సేస్తానంటాది మా మామ్మ. సచ్చిపోనాదని ఎలా సెప్పీది?"

"ఇరవై ఏళ్ల హేమవతికి శుక్లాలేమిటే?"

"వచ్చినాయి, ఏటి సేస్తాం. పక్కన కూకుంటే పుస్తకం తడిమి సూస్తాది. పేజీ తిరగలేదని తెలిసిపోద్ది. అందుకే తిరుగుతన్నాను."

"అందుకేనా?"

"సగం అందుకే."

వసారాలోంచి గున్నమ్మ పిలిచింది. "మేస్టారూ, మీరు సదివినారు కదా. హేమవతికి నొప్పెట్టిందేటి?"

దుర్గాభవాని కాళ్లు మొదటిసారి ఆగాయి. ఒక్క అక్షరం తప్పితే మార్కు కోసేస్తూ నలభై ఏళ్లు బతికిన మనిషి గొంతు సవరించుకున్నారు.

"చీమ కుట్టినంత కూడా లేదమ్మా. నూట పదో పేజీలో స్పష్టంగా ఉంది."

వారం తిరక్కుండా శ్రీకాకుళంలో గున్నమ్మకు ఆపరేషన్ జరిగింది. నెల పోయాక మేష్టారు చూడ్డానికి వెళ్తే, వయోజన విద్యలో నేర్చిన అక్షరాలను కూడబలుక్కుంటూ ఆవిడే నవల చదువుతోంది. ఒళ్లో తొంభయ్యో పేజీ. మేష్టారూ దుర్గాభవానీ మొహామొహాలు చూసుకున్నారు.

"మేస్టారూ, ఇది రాసినోలికి హేమవతి సంగతి ఏటీ తెల్దు" అంది గున్నమ్మ. పుస్తకం మూసి మనవరాలి చేతికిచ్చింది. "నువ్వే సదువే. గోడ దూకినాక ఏటయ్యింది?"

దుర్గాభవాని నడక మొదలుపెట్టింది. మేష్టారు ఆ పిల్ల దారికి అడ్డం రాకుండా కుర్చీ పక్కకు జరుపుకుని, వినడానికి కూర్చున్నారు.